ఐసీయూ సిస్టర్లు వేసిన సున్నాలు

ఒక్క కాగితం వల్ల మా మీది వాటాలో ఉండే పెద్ద సిస్టరు తన ఐసీయూను పోగొట్టుకోబోయింది. ఆ కాగితం మీద పెన్ను పెట్టింది నేనే. నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని. ఇంగ్లీషులో ఒక్క ముక్క చదవలేను, అంకెలు మాత్రం వచ్చు. జరిగిన చెడంతా ఆ అంకెలతోనే జరిగింది. నాకు తారీఖులు గుర్తుండవు గానీ, ఏ రోజు ఏం వండానో గుర్తుంటుంది. ఆ రోజు దొండకాయ వేపుడు, చింతపండు చారు.

అమీర్‌పేటలో మెయిన్ రోడ్డు దిగి రెండు గల్లీలు లోపలికి వస్తే మా ఇల్లు. పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవరు కోసం రోడ్డంతా తవ్విపోసిన రోజులవి. మా గల్లీలో ఏ గోడ చూసినా కంప్యూటరు కోర్సుల బోర్డులే ఉండేవి. ఇంటికో హాస్టలు, గదికి ఆరుగురు. మా ఆయన సనత్‌నగర్ కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసేవాడు. మాకూ పైన రెండు గదులున్నాయి. "కోర్సుల పిల్లలకు ఇవ్వు, ఎగబడి వస్తారు" అని అందరూ చెప్పారు. నేను మాత్రం నర్సులకిచ్చాను. కోర్సుల పిల్లలు తెల్లవార్లూ కబుర్లు చెప్పుకుంటారు. రాత్రి డ్యూటీ నర్సులైతే రాత్రి ఉండరు, పగలు పడుకుంటారు. ఇల్లు ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది కదా అని నా లెక్క.

ఆ లెక్క తప్పింది. పగలు పడుకునేవాళ్లు ఇంట్లో ఉంటే మన బతుకంతా మునివేళ్ల మీదే. పోపు పెట్టాలన్నా కిటికీలు మూయాలి. కొత్తిమీర బండివాడు గల్లీ మొదట్లో కేక వేయబోతుంటే చెయ్యి ఊపి ఆపాలి. రెండు నెలలయ్యేసరికి మా ఆయన తుమ్మొస్తే వీధిలోకి పోయి తుమ్మి వచ్చేవాడు.

మొత్తం నలుగురు. పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో ఐసీయూ నర్సులు. ఐసీయూ అంటే ఒంటి నిండా వైర్లు తగిలించి, గడియ గడియకూ చూసుకోవాల్సిన వాళ్లను పడుకోబెట్టే గది. వాళ్లు రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కి పొద్దున ఎనిమిదికి దిగేవాళ్లు. నలుగురిలో పెద్దామె కృష్ణా జిల్లా మనిషి, నలభై దాటినామె, రాత్రి డ్యూటీకి ఇన్‌చార్జి. ఆమెను పెద్ద సిస్టరు అనేవాళ్లం. ఆమె గదిలోనే ఉండే ఇరవై మూడేళ్ల పిల్ల, సూర్యాపేట దగ్గరిది, చిన్న సిస్టరు. పక్క గదిలో ఇద్దరు ఉండేవాళ్లు. వాళ్లు మెలకువగా ఉండగా నేను చూసింది తక్కువ, అందుకని వాళ్ల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు.

అలసట అంటే ఏమిటో నేను చిన్న సిస్టరును చూసి తెలుసుకున్నాను. ఒక పొద్దున మెట్లెక్కుతూ వంటింటి ముందు ఆగింది. మా ఆయన టీ గ్లాసు కోసం నా వైపు చెయ్యి చాపాడు. ఆ పిల్ల వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గోడ గడియారం చూస్తూ నిలబడింది. మా ఆయన కదల్లేదు. నేనూ కదల్లేదు. నిమిషం గడిచింది.

"ఎంతున్నది బిడ్డా?" అన్నాడు ఆయన మెల్లగా.

"డెబ్బై ఆరు, అంకుల్. మంచిగనే ఉన్నది" అని చెయ్యి వదిలేసి పైకి పోయి పడుకుంది. సాయంత్రం లేచాక అడిగితే అసలు గుర్తే లేదంది. మా ఆయన మాత్రం వారం రోజులు కార్ఖానాలో అందరికీ చెప్పుకున్నాడు, నాది డెబ్బై ఆరని.

ఇంకోసారి కుక్కరు మూడో కూత పెట్టగానే పై నుంచి దడదడ మెట్లు దిగి వచ్చింది. కళ్లు మూసే ఉన్నాయి. వంటింట్లోకి వచ్చి గోడకున్న క్యాలెండరు మీద బొటనవేలితో ఒక నొక్కు నొక్కి, "ఏం లేదు, అలారం" అని నాకు ధైర్యం చెప్పి వెళ్లిపోయింది. కుక్కరు ఇంకా కూస్తూనే ఉంది.

పెద్ద సిస్టరు అలసట వేరే రకం. ఆమెకు నోటితో వచ్చేది. మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ రోజూ అదే పాట.

"పద్నాలుగేళ్లండీ అక్కగారూ, పద్నాలుగేళ్లు! నా కాళ్లు చూడండి, తాటి దుంగల్లా అయ్యాయి. ఓపీలో ఒక కుర్చీ ఇవ్వమని అడుగుతున్నా. కింద అంతస్తు, పగటి డ్యూటీ, నెత్తి మీద ఫ్యాను. పేరు రాసుకోవడం, టోకెను ఇవ్వడం, ఇంతే పని. ఆ కుర్చీ ఇచ్చిన రోజు మీ వీధిలో అందరికీ మిఠాయి పంచుతాను."

"ఇయ్యకుంటే?" అనేది చిన్న సిస్టరు.

"ఇయ్యకపోతే ఈ మెట్ల మీదే చచ్చిపోతాను. మీది వాటా మెట్లు కడిగేటప్పుడు నన్ను పక్కకి జరిపి కడుక్కోండి అక్కగారూ."

అంత తిట్టిన నోటితోనే అన్నం తింటూ, మూడో మంచం పెద్దాయన తెల్లవారుజామున కళ్లు తెరిచాడని, నీళ్లడిగాడని చెప్పేది. అది చెప్పేటప్పుడు ముద్ద చేతిలోనే ఆరిపోయేది. నేను చారు పోస్తూ వినేదాన్ని. ఆ రెండు మాటలూ ఒకే మనిషివి ఎలా అవుతాయో అప్పట్లో నేను ఆలోచించలేదు.

ఇట్లా ఉండగా ఆసుపత్రికి కొత్త ఆఫీసరు ఒకాయన వచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి వచ్చినవాడట. సిబ్బంది బాగోగులు చూడ్డం ఆయన పని. మెడకు టై, మెడకే ఇంకో తాడు, ఆ తాడుకు ఫొటో కార్డు. కంపెనీల్లో చేసినట్టే ఇక్కడా చేద్దామని, సిబ్బందికి పనిలో సంతోషం ఎంత ఉందో కనుక్కుందామని కాగితాలు అచ్చు వేయించాడు. ప్రశ్న పక్కన సున్నా నుంచి పది దాకా గళ్లు. ఒక గడికి గుండ్రంగా గీత గీయాలి. రహస్యం, ఇన్‌చార్జికి చూపించకూడదు, రేపటికల్లా ఇచ్చేయాలి అన్నాడట.

పెద్ద సిస్టరు బుద్ధిగా తన కాగితం అక్కడే నింపి డబ్బాలో వేసి వచ్చింది. చిన్న సిస్టరూ పక్కగది ఇద్దరూ ఇంటికి తెచ్చుకున్నారు. పెద్ద సిస్టరు స్నానానికి పోగానే ముగ్గురూ నా వంటింట్లోకి చేరారు. ఇద్దరు గోడకు ఆనుకున్నారు, అంతే, అయిపోయారు. చిన్న సిస్టరు నేల మీద బోర్లా పడుకుని, కాగితాన్ని ఒక కన్నుతో చూస్తోంది.

"ఆంటీ, నా చెయ్యి లేస్తలేదు. నేను చెప్త, నువ్వు గీకు. అంకెలొస్తయి గద?"

"అంకెలొస్తయి. తప్పుబోతే నన్ననొద్దు."

"తప్పెట్ల బోతది? గిది మేము రోజు రాసేదే. నొప్పి లెక్క. పేషెంటును అడుగుతం, సున్నా నుంచి పది దాంక నొప్పి ఎంతున్నదని. సున్నా అంటే సుఖం. పదంటే పాణం బోతున్నది. గవే గళ్లు, గదే కాగితం. పైన ఏందో సన్నగ రాసిండు, గది నిద్ర లేచినంక సదువుకుంట."

దొండకాయలు తరుగుతున్న చెయ్యి కడుక్కుని పెన్ను పట్టుకున్నాను.

"మొదటిది. పనిలో సంతోషం ఎట్లున్నది. సున్నా వేయి ఆంటీ."

"సున్నానా? పొద్దున లేస్తే ఏడుస్తవ్ గద!"

"అలసిపోయి ఏడుస్త. పని మీద నాకేం బాధ లేదు. సున్నా."

వేశాను.

"ఇన్‌చార్జి మీతో ఎట్లుంటది. అబ్బ, మా అక్క బంగారం. సున్నా. గుండ్రంగ మంచిగ గీకు."

మంచిగా గీశాను. నా జన్మలో అంత చక్కటి సున్నా మళ్లీ చుట్టలేదు.

"క్యాంటీను తిండి. అమ్మో! గా ఉప్మా తింటే కడుపుల రాయి వేసినట్లుంటది. తొమ్మిది వేయి. వద్దు, పది వేస్తే పాపం ఆయన పిల్లలున్నోడు. తొమ్మిది."

"అలసట?" అని చదివింది చిన్న సిస్టరు.

"పది" అన్నారు ముగ్గురూ. నిద్రపోతున్న ఇద్దరూ కూడా అన్నారు. ఆ మాట ఒక్కదానికే లేచి, చెప్పి, మళ్లీ పడుకున్నారు.

తక్కిన ఇద్దరి కాగితాలూ అలాగే నింపాను. మిగతా నర్సులు ఎవరిళ్లలో వాళ్లు ఎట్లా నింపారో నాకు తెలియదు గానీ, అందరూ పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాళ్లే, అందరికీ ఆ గళ్లు అలవాటే. పైన సన్నగా రాసినది ఒక్కరూ చదవలేదు. పది అంటే చాలా బాగుందనీ, సున్నా అంటే అసలు బాగోలేదనీ అక్కడ రాసుందట.

పదిహేను రోజులకు రెండు వార్తలు ఒకే పొద్దున వచ్చాయి. ఆ రోజు సొరకాయ పప్పు.

మొదటిది, క్యాంటీను కాంట్రాక్టరుకు సన్మానం చేశారు. ఐసీయూ సిబ్బందిని అంతగా మెప్పించినందుకు శాలువా కప్పి, షీల్డు ఇచ్చారు. ఆయన ఆనందం పట్టలేక, ఇకనుంచి ఐసీయూ వాళ్లకు ఉప్మా రెండు గరిటెలు ఎక్కువ వేస్తానని అందరి ముందూ మాటిచ్చాడు.

రెండోది, పెద్ద సిస్టరు చేతిలో ఒక ఉత్తరం. సోమవారం నుంచి ఓపీలో పగటి డ్యూటీ. కుర్చీ, ఫ్యాను, టోకెన్లు.

నాకు ఒళ్లు తెలియలేదు. "ఇంక ఏంది సిస్టరమ్మా, కోరిక తీరిపాయె!" అని సేమ్యా పాయసం చేశాను. మా ఆయన గల్లీలో మిఠాయి పంచడానికి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పెద్ద సిస్టరు పాయసం గిన్నె చేతిలో పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. సేమ్యా గడ్డకట్టింది. ఆమె బూట్లు విప్పలేదు.

"ఏంటండీ ఇది అక్కగారూ," అంది చివరికి, "పిల్లలు నాకు సున్నా వేశారట. తొమ్మిది మందీనూ. ఆఫీసరు చూపించలేదు గానీ చెప్పాడు. ఆ పని మీదా సున్నాయే, నా మీదా సున్నాయే. నా కింద ఒక్కళ్లూ సుఖంగా లేరట. అందుకని నన్ను తప్పిస్తున్నారు. కుర్చీ ఇచ్చి తప్పిస్తున్నారు."

నేను సున్నా అంటే సుఖమనే అనుకుంటున్నాను కాబట్టి నాకు అస్సలు అర్థం కాలేదు. "సున్నా మంచిదే గదా" అన్నాను.

"మీకు తెలీదులెండి" అని లేచిపోయింది. చదువు లేనిదాన్ని, ఇంకేం మాట్లాడతాను? నా సున్నాలో ఏదో వంకర ఉందేమో, సరిగ్గా చుట్టలేదేమో అని రెండు రోజులు లోలోపల కుమిలిపోయాను.

ఆ రెండు రోజులూ మీది వాటాలో మాటల్లేవు. పెద్ద సిస్టరు చిన్న సిస్టరుతో మాట్లాడేది కాదు. చిన్న సిస్టరుకు కోపం. "గిన్నేండ్లు మాతోటి ఉండి, కుర్చీ దొరకంగనే మొఖం తిప్పుకుంటున్నది చూడు ఆంటీ. మేము గంత మంచిగ రాసినం!" అని నా దగ్గర ముక్కు చీదేది. నేనేమో ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ, ఇద్దరి మాటా నిజమే అంటూ ఉండేదాన్ని. పెద్ద సిస్టరు పగలు నిద్రపోవడం మానేసింది. నా వంటింట్లోకి వచ్చి పోపుల డబ్బాలన్నీ దించి, ప్రతి దాని మీదా ప్లాస్టరు ముక్క అంటించి, లోపల ఏముందో ఎప్పుడు పోశామో రాసింది. ధనియాలకు కూడా గడువు తేదీ వేసింది. ఇంక డబ్బాలు అయిపోతే మా ఆయనకు అంటిస్తుందేమో అని భయం వేసింది నాకు.

"పోనంటే ఊకోరా?" అని అడిగాను ఒకసారి.

"నన్ను వద్దన్నవాళ్ల దగ్గర ఏ మొహం పెట్టుకుని ఉండమంటారు?" అంది. "వాళ్లే నా పిల్లలు అనుకున్నాను. ఒకళ్లు కళ్లు తిరిగి పడితే వాళ్ల మంచాలు కూడా నేనే చూసేదాన్ని. నేను అరుస్తానండీ, నిజమే. అరిస్తే సున్నాయా? ఒక మూడో, నాలుగో వేయకూడదూ?"

శనివారం పొద్దున డ్యూటీ దిగగానే ఆఫీసరు ఐసీయూ నర్సులందరికీ క్లాసు పెట్టాడు. మార్కులు అంత ఘోరంగా వచ్చాయి కనుక వాళ్లకు మనసు తేలికపడే శిక్షణ ఇవ్వాలట. రాకపోతే సంజాయిషీ రాయాలట. ఇంటికి రావడం ఆలస్యమవుతుంది, ఆకలితో ఉంటారు కదా అని నేను ఇడ్లీలు రెండు క్యారియర్లలో సర్దుకుని బస్సెక్కి పంజాగుట్ట పోయాను. తవ్విన రోడ్డు మీద నాలుగు చోట్ల ఆగి, చుట్టూ తిరిగి, మీటింగు హాలు చేరేసరికి క్లాసు మొదలయింది. నన్ను ఎవరూ ఆపలేదు. చేతిలో క్యారియరు ఉన్న ఆడమనిషిని ఆసుపత్రిలో ఎక్కడా ఎవరూ ఆపరు.

హాల్లో నేల మీద పది చాపలు. పెద్ద సిస్టరు అన్నిటికన్నా వెనక, గోడ వైపు తిరిగి కూర్చుంది.

"అందరూ వెల్లకిలా పడుకోండి" అన్నాడు ఆఫీసరు. "కళ్లు మూసుకోండి. శరీరాన్ని వదిలేయండి. మీరొక జలపాతం దగ్గర ఉన్నారు..."

జలపాతం దాకా ఎవరూ పోలేదు. 'పడుకోండి' దగ్గరే అందరూ ఆగిపోయారు. తల చాపకు తగలడం, గురక రావడం ఒకటే. ఆఫీసరు మాత్రం కళ్లు మూసుకుని చెప్పుకుంటూ పోతున్నాడు, నీళ్లు పడుతున్నాయి, పిట్టలు కూస్తున్నాయి అని. ఇంత గొప్పగా మనసు తేలికపడ్డవాళ్లను ఆయన కంపెనీలో కూడా చూసి ఉండడు. ఆ సంతోషంలో తాను కూడా చూపిద్దామని చాప మీదకు దిగాడు. పాపం, రోజంతా కంప్యూటరు ముందు వంగి కూర్చునే మనిషి, నడుము ఏనాడో బిగుసుకుపోయి ఉంది. సగం వాలేసరికి లోపల ఎక్కడో 'కట్' మని చప్పుడు. అది గుమ్మం దగ్గరున్న నాకే వినిపించింది.

"అబ్బా!" అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ పిల్లలు బాజాలు మోగినా లేవరు గానీ 'అబ్బా' అంటే లేస్తారు. చిన్న సిస్టరు ఒక్క గెంతులో ఆయన పక్కన ఉంది. కళ్లు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు.

"సార్, నొప్పి ఎంతున్నది? సున్నా నుంచి పది దాంక చెప్పుండ్రి."

అంతమంది ఆడవాళ్ల ముందు నడుము పట్టిందని చెప్పుకోవడం ఆయనకు నామోషీ. పళ్లు బిగపట్టి నవ్వు తెచ్చుకుని, "పది! పదికి పది! బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

"పదంట అక్కా!" అని చిన్న సిస్టరు ఒక్క కేక పెట్టింది. రెండు రోజులుగా మాటల్లేవన్న సంగతి కూడా మరిచిపోయింది.

ఆ తరవాత నేను చూసింది నా కళ్లతో మళ్లీ చూడలేదు. తొమ్మిది మంది లేచారు. ఒక్కళ్ల మొహంలో నిద్ర లేదు. పెద్ద సిస్టరు వెనక నుంచి ఎట్లా వచ్చిందో తెలియదు, ఆయన తల దగ్గర మోకాళ్ల మీద ఉంది.

"తల ఎత్తనివ్వకండి! నువ్వు బీపీ చూడు. నువ్వు స్ట్రెచరు తే. టై విప్పండి ముందు! సార్, చెమటలు పడుతున్నాయా? ఎడమ చెయ్యి లాగుతోందా? అక్కగారూ, చూస్తూ నిలబడతారేంటి, కాళ్లు పట్టుకోండి!"

నేను ఇడ్లీలు కింద పెట్టి ఆఫీసరు కాళ్లు పట్టుకున్నాను. మంచి ఖరీదైన సాక్సులు.

"ఏం లేదు! నాకేం లేదు!" అంటున్నాడు ఆయన.

"మొదట అందరూ అట్లనే అంటరు" అని చిన్న సిస్టరు ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టింది.

"అమ్మా, పది అంటే బాగుందని!" అని అరిచాడు. "పది అంటే చాలా బాగుందని! పదే కదా అన్నిటికన్నా మంచి మార్కు!"

బీపీ పట్టీలోని గాలి బుస్సుమని దిగింది.

"పది మంచిదా?" అంది చిన్న సిస్టరు. "మరి సున్నా?"

"సున్నా అంటే దరిద్రం. మీరందరూ వేసిందదే కదా!"

ఆ పిల్ల మొహం తెల్లబోయింది. ఆఫీసరును వదిలేసి పెద్ద సిస్టరు వైపు తిరిగింది. "అక్కా... మేము గా నొప్పి లెక్కే అనుకున్నం. నీతోని ఏం బాధ లేదని సున్నా వేసినం. గుండ్రంగ మంచిగ గీకుమని ఆంటీకి సుత చెప్పిన. అడుగు కావాల్నంటే!"

"చెప్పింది," అన్నాను ఆఫీసరు కాళ్లు వదలకుండానే. "మస్తు మంచిగ గీకిన సిస్టరమ్మా. నీ సున్నా కోసం ఎక్కువ టైం తీసుకున్న."

పెద్ద సిస్టరు మమ్మల్ని ఒక్కొక్కళ్లనూ చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆఫీసరు తల ఆమె ఒళ్లోనే ఉంది, ఆమె నవ్వుతుంటే అది కూడా ఎగిరెగిరి పడుతోంది, ఆయన "అబ్బా అబ్బా" అంటున్నాడు.

"నేనూ అదే వేశానే," అంది నవ్వుల మధ్య. "నిద్రమత్తులో ఏం వేశానో ఇప్పుడు గుర్తొచ్చింది. నా కాగితం మీద అలసటకు తప్ప అన్నిటికీ సున్నాలే. నాకు నేనే సున్నా వేసుకున్నాను!"

"అయితే క్యాంటీను?" అన్నాడు ఆఫీసరు, కింద నుంచి, నీరసంగా.

"గది నిజం నొప్పే సార్" అంది చిన్న సిస్టరు.

అప్పుడు ఆయనకు అంతా అర్థమయింది. కళ్లు మూసుకున్నాడు. శాలువా కప్పిన రోజు గుర్తొచ్చి ఉంటుంది.

పెద్ద సిస్టరు కళ్లు తుడుచుకుని, ఆయన తలను జాగ్రత్తగా చాప మీద పెట్టింది. "సార్, ఆ ఓపీ కుర్చీ నాకొద్దు. ఐసీయూలోనే ఉంచండి."

"అలసటకు పది వేశారు కదమ్మా. అది కూడా తప్పా?"

"అది తప్పు కాదండి. చచ్చేంత అలసట. కానీ అడిగింది రెండు ప్రశ్నలు కదండీ, మీరు ఒకటే చేసి చదివారు. మాకు కాళ్లు నొప్పి. పని నొప్పి కాదు. కాళ్లకు మందు కావాలంటే ఇంకో ఇద్దరు నర్సులను ఇవ్వండి. రాత్రంతా నిలబడ్డవాళ్లకు పొద్దున క్లాసులు పెట్టకండి. ఇంటికి పోనివ్వండి, పడుకుంటారు."

ఆఫీసరు పడుకునే తల ఊపాడు. ఊపినందుకు మళ్లీ అబ్బా అన్నాడు.

ఇడ్లీలు అక్కడే తిన్నారు. ఆయనకు నేనే చట్నీ అద్ది నోట్లో పెట్టాను, లేవకూడదన్నారు కాబట్టి. మంచి పిల్లవాడే. అమ్మ చేతి ఇడ్లీ తిని ఏడాదయిందన్నాడు. పొద్దున ఏడుకు వస్తే రాత్రి తొమ్మిదికి గానీ ఇంటికి పోడట. "నీది కూడా పదే అయ్యా" అన్నాను.

ఉత్తరం రద్దు కావడానికి పైవాళ్ల సంతకం కావాలి, ఆ పైవాళ్లు మంగళవారం గానీ రారు. కనుక సోమవారం ఒక్కరోజు పెద్ద సిస్టరు ఓపీలో కూర్చోక తప్పలేదు. చూడకుండా ఉండలేక, దగ్గు వచ్చినట్టు చేసుకుని నేనూ వెళ్లాను. ఫ్యాను కింద, కుర్చీలో, టోకెన్లు ముందు పెట్టుకుని కూర్చుంది. నా ముందున్న ముసలాయన జలుబని చెప్పగానే అతని కనురెప్ప కిందికి లాగి చూసి, గోళ్లు చూసి, నాలుక చూసి, చెవులు చూసి, తొడిగిన చెప్పులు విప్పించి పాదాల వాపు చూసింది. వెనక వరుస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. "మధ్యాహ్నానికి పన్నెండు టోకెన్లే కదిలాయి" అని పక్క కౌంటరు అమ్మాయి నెత్తి కొట్టుకుంది. మధ్యలో మూడుసార్లు పెన్ను కావాలని ఐసీయూ దాకా ఎక్కి వచ్చింది. మూడు పెన్నులూ ఆమె జేబులోనే కనిపిస్తున్నాయి.

మంగళవారం సంతకం అయింది. డ్యూటీ దిగాక క్లాసులు మానేశారు. ఇంకో ఇద్దరు నర్సులు కావాలన్న మాట మాత్రం పైకి పోయిందట, ఇంకా కిందికి రాలేదట. అంత తప్పుగా చదివిన కాగితంలో ఆ అలసట పది ఒక్కటే అందరూ సరిగ్గా చదివారు. దానికి మాత్రం ఎవరూ ఏమీ చేయలేదు.

ఆఫీసరు నడుముకు బెల్టు పెట్టుకుని పదిరోజులకు డ్యూటీలో చేరాడు. అంకెల మీద నమ్మకం పోయి, ఈసారి కాగితాల మీద బొమ్మలు అచ్చు వేయించాడు. ఒక చివర ఏడుపు మొహం, ఇంకో చివర నవ్వు మొహం, మధ్యలో మూడు రకాల మొహాలు. పొరపాటు పడే వీలే లేదని నాకు కూడా చూపించమన్నాడట, ఆ ఇడ్లీల ఆంటీకి.

పెద్ద సిస్టరు తన కాగితం నా వంటింట్లోనే నింపింది. గోంగూర ఉడుకుతోంది. పెన్ను తీసుకుని, మొహాలన్నీ చూసి, చిట్టచివరి నవ్వు మొహం చుట్టూ గీత గీయడం మొదలుపెట్టింది. సగం సున్నా అయ్యేసరికి తల వాలింది. చెయ్యి ఆగలేదు. గీత నవ్వు మొహం మీంచి జారి, కాగితం అంచు దాటి, నా పీట మీదుగా, గచ్చు మీద జానెడు దూరం పోయి ఆగింది.

చిన్న సిస్టరు ఆ కాగితాన్ని అట్లాగే పట్టుకుపోయి డబ్బాలో వేసింది. మర్నాడు ఆఫీసరు ఐసీయూ దాకా వచ్చి, ఈ గీతను ఎట్లా లెక్కపెట్టాలమ్మా అని అడిగాడట.

"నవ్వు దగ్గర మొదలైంది గద సార్," అందట ఆ పిల్ల, "నవ్వుకే వేసుకోండ్రి. మిగిలింది నిద్ర."